రెండు పడవల మీద కాళ్లు: స్టార్టప్ సంఘం పెద్దమనిషే ఫండ్ కూడా పెడితే

ఒక ప్రాంతంలో స్టార్టప్‌లు పుట్టాలి, నిలవాలి అని నడుం కట్టిన మనిషి మొదటి రెండు మూడేళ్లలో చేసే పని బయటివాళ్లకు పనిలాగే కనిపించదు. ఒకరికి ఫోన్ చేసి ఇంకొకరి పేరు చెబుతాడు. నెలకోసారి పాతికమందిని ఒక గదిలో కూర్చోబెడతాడు. కంపెనీ అమ్మేసి తీరిగ్గా ఉన్న మనిషి, కంపెనీ మొదలుపెట్టి దిక్కుతోచక ఉన్న కుర్రాడు పక్కపక్క కుర్చీల్లో పడేలా చూస్తాడు. దీనికి జీతం ఉండదు, లెక్క రాయడానికి ఖాతా కూడా ఉండదు. మూడో ఏడో నాలుగో ఏడో వచ్చేసరికి అందరూ ఒకే మాట మొదలుపెడతారు: "అన్నీ ఉన్నాయి, డబ్బే లేదు. మీరే ఒక ఫండ్ పెట్టొచ్చుగా?"

ఆయన సరే అన్న రోజు నుంచి పని స్వభావం మారిపోతుంది. నిన్నటిదాకా ఆయన అందరివాడు. ఇకనుంచి వందమందిలో ఇద్దరికి చెక్కు రాసి, మిగతా తొంభై ఎనిమిది మందికి లేదని చెప్పాల్సినవాడు. సంఘం నడపడం, ఫండ్ నడపడం ఒకే పనికి రెండు ముఖాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒకదానికి పనికొచ్చే గుణం రెండోదానికి అడ్డం పడుతుంది. ప్రాంతీయ ఎకోసిస్టమ్‌ల (కంపెనీలు పెట్టే ఫౌండర్లు, డబ్బు పెట్టే ఇన్వెస్టర్లు, సాయపడేవాళ్ల అల్లిక) చరిత్రలో బాగుపడ్డవీ చతికిలపడ్డవీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ రెండు పడవల సమస్యను ఎవరు ఎలా దాటారన్నదే పెద్ద తేడాగా కనిపిస్తుంది.

పెద్దమనిషి అసలు ఇచ్చేది ఏమిటి

అమెరికాలో ప్రాంతీయ ఆర్థికాభివృద్ధిని అధ్యయనం చేసే మేరీయాన్ ఫెల్డ్‌మన్, టెడ్ జోలర్ ఈ పాత్రను లెక్కల్లో పట్టుకునే ప్రయత్నం చేశారు. ఒకే ప్రాంతంలో అనేక కంపెనీల్లో డైరెక్టర్‌గానో, ఇన్వెస్టర్‌గానో, సలహాదారుగానో ఉంటూ వాటి మధ్య వంతెనలా ఉండేవాళ్లను 'డీల్‌మేకర్లు' అన్నారు. 12 ప్రాంతాలు పరిశీలించి 2012లో వాళ్లు చెప్పింది ఇది: ఒక ప్రాంతంలో ఫౌండర్లు ఎంతమంది, ఇన్వెస్టర్లు ఎంతమంది అనే తలల లెక్క కన్నా, ఇలా చాలాచోట్ల ముడిపడి ఉన్న కొద్దిమంది ఉన్నారా లేదా అన్నదే అక్కడి స్టార్టప్‌ల చురుకుదనాన్ని బాగా చెబుతుంది.

కారణం ఊహించడం కష్టం కాదు. కొత్త కంపెనీ చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు. అమ్మకాలు లేవు, తాకట్టు పెట్టే ఆస్తి లేదు, పాత బ్యాలెన్స్ షీట్ లేదు. ఉద్యోగం మానేసి చేరమంటే ఇంజనీరు భయపడతాడు, మొదటి కస్టమర్ ఇంకో ఆరు నెలలు ఆగి రమ్మంటాడు. అక్కడ పనిచేసేది మధ్యవర్తి పూచీ ఒక్కటే: "ఆ అమ్మాయి నాకు తెలుసు, మాట మీద నిలబడుతుంది." ఆ ఒక్క వాక్యం వల్ల ఆరు నెలల అనుమానం ఒక మధ్యాహ్నంలో తీరిపోతుంది. ఈ మనిషి ఊరికి ఇస్తున్నది అదే, నమ్మకం కుదిరే సమయాన్ని తగ్గించడం. ఆయనకు ఆ మాట మీద సొంత లాభం లేదని అందరికీ తెలుసు కాబట్టే ఆ మాట చెల్లుతుంది. ఈ చివరి విషయం గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఫండ్ వచ్చాక మొదట దెబ్బతినేది ఇదే.

ఈ పాత్ర గురించి ఎక్కువగా వినిపించే పేరు బ్రాడ్ ఫెల్డ్. 1995లో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌కు వచ్చి స్థిరపడ్డాడు. ఊరు పెద్దదేమీ కాదు, జనాభా లక్ష చుట్టుపక్కల. 2006లో డేవిడ్ కోహెన్, డేవిడ్ బ్రౌన్, జేరెడ్ పోలిస్‌లతో కలిసి టెక్‌స్టార్స్ అనే యాక్సిలరేటర్ (కొత్త కంపెనీలకు కొన్ని నెలల శిక్షణ, కొద్ది పెట్టుబడి ఇచ్చే సంస్థ) మొదలుపెట్టాడు. 2012లో తన అనుభవాన్ని ఒక సిద్ధాంతంగా రాశాడు. దాని సారం: నాయకత్వం ఫౌండర్ల చేతిలోనే ఉండాలి, కనీసం ఇరవై ఏళ్ల చూపు ఉండాలి, వచ్చేవాళ్లెవరికీ తలుపు మూయకూడదు, కొత్తవాళ్ల నుంచి అనుభవజ్ఞుల దాకా అందరినీ కలిపే కార్యక్రమాలు ఆగకుండా నడవాలి. యూనివర్సిటీలు, ప్రభుత్వం, పెద్ద కంపెనీలు, ఇన్వెస్టర్లు అందరూ కావాలి గానీ వాళ్లు పోషకులు మాత్రమే, నాయకులు కారాదు అన్నాడు. వెంచర్ ఫండ్ నడిపే మనిషే ఇన్వెస్టర్లను రెండో వరసలో కూర్చోమనడం చిన్న విషయం కాదు.

మొదటి చెక్కు చేసే నష్టం

డబ్బే లేదు అన్న ఫిర్యాదు చాలాచోట్ల పూర్తి నిజం కాదు. భూమి మీదో, వ్యాపారం మీదో, వృత్తి మీదో సంపాదించినవాళ్లు ప్రతి ప్రాంతంలో ఉంటారు. వాళ్ల డబ్బుకు ఈ రకం పెట్టుబడి అలవాటు లేదు, అంతే. అలవాటు లేని డబ్బు స్టార్టప్‌లోకి వస్తే ఏం జరుగుతుందో ఒక లెక్కలో చూడొచ్చు.

ఇద్దరు ఫౌండర్లు. పరిచయస్తుడైన ఒక వ్యాపారి కొద్దిపాటి డబ్బు పెట్టి 40 శాతం వాటా అడుగుతాడు. ఆయన దృష్టిలో అది న్యాయమే, డబ్బంతా తనది కదా. ఫౌండర్లకు వేరే దారి లేక ఒప్పుకుంటారు. తర్వాత కంపెనీ బాగా నడిచి ఒక రౌండ్‌లో (ఒక విడత పెట్టుబడిలో) 20 శాతం, ఉద్యోగుల కోసం 10 శాతం, మరో రౌండ్‌లో ఇంకో 20 శాతం ఇచ్చిందనుకుందాం. ఇవన్నీ అయ్యేసరికి ఒక్కో ఫౌండర్‌కు మిగిలేది 17 శాతం చిల్లర. మొదట చెక్కు రాసి ఇంటికి వెళ్లిపోయిన వ్యాపారి చేతిలో 23 శాతం. రాత్రింబవళ్లు పనిచేసేవాళ్ల కంటే ఊరికే కూర్చున్నవాడికి ఎక్కువున్న కంపెనీని చూసి బయటి వెంచర్ ఫండ్ ఆ లెక్క దగ్గరే ఆగిపోతుంది. నిజానికి అది రెండో రౌండ్ దాకా రావడమే అరుదు, మొదటి క్యాప్ టేబుల్ (ఎవరికెంత వాటా అన్న పట్టిక) చూడగానే వెనక్కి తిరుగుతారు. అంటే కంపెనీ పుట్టినరోజునే, ఎవరికీ చెడు ఉద్దేశం లేకుండానే, దాని దారి మూసుకుపోయింది.

ఇక్కడ పెద్దమనిషి చేయగలిగిన మేలు పెద్ద ఫండ్ కన్నా విలువైనది. కలిగినవాళ్లు పదిమందిని పోగుచేసి, ఒక్కొక్కరు ఒకే కంపెనీలో ఎక్కువ పెట్టకుండా పది కంపెనీల్లో కొంచెం కొంచెం పెట్టమని ఒప్పించడం. అందరూ కలిపి 15 శాతమో, 20 శాతమో దాటి అడగకూడదని నేర్పడం. పోయినా నిద్ర చెడని డబ్బే పెట్టమని చెప్పడం. ఒకే తరహా ఒప్పందం కాగితం వాడటం. 2013లో వై కాంబినేటర్ అనే అమెరికా యాక్సిలరేటర్ బయటపెట్టిన 'సేఫ్' (ఇప్పుడు డబ్బు, వాటా లెక్క తర్వాతి రౌండ్‌లో) లాంటి చిన్న పత్రాలు ఇందుకే అంత వ్యాపించాయి. ప్రతి చెక్కుకీ లాయర్ ఖర్చు లేదు, విలువ గురించి మొదటి రోజే తగాదా లేదు. ఇలా సొంత డబ్బు పెట్టేవాళ్లు నెలకోసారి కలిసే ఏంజెల్ గ్రూపు చూడటానికి సాదాసీదాగా ఉంటుంది, పేపర్లో వార్త కాదు. చాలా ప్రాంతాలకు మొదటి ఐదేళ్లలో కావలసింది మాత్రం అదే. ఫండ్ కోసం తొందరపడి ఈ మెట్టు దాటేసిన చోట్ల ఫండ్‌కు కొనడానికి కంపెనీలే దొరకవు.

ఫండ్ లెక్క ఊరి లెక్క ఒకటి కావు

వెంచర్ ఫండ్ అంటే సాధారణంగా పదేళ్ల గడువున్న భాగస్వామ్యం. డబ్బు పెట్టేవాళ్లు వేరు, నడిపేవాళ్లు వేరు. నడిపేవాళ్లకు ఏటా రెండు శాతం ఖర్చులకు, లాభం వస్తే అందులో ఇరవై శాతం.

ప్రాంతీయ ఫండ్ ఒకటి రెండు కోట్ల డాలర్లు సమీకరించిందనుకుందాం. రెండు శాతం చొప్పున ఏడాదికి నాలుగు లక్షలు, పదేళ్లకు నలభై లక్షలు ఖర్చులకే పోతాయి. పెట్టుబడికి మిగిలేది కోటీ అరవై లక్షలు. డబ్బు పెట్టినవాళ్లు ఇంత రిస్కుకు కనీసం మూడింతలు ఆశిస్తారు, అంటే ఆరు కోట్లు. కంపెనీలు అమ్ముడుపోయే నాటికి ఫండ్ వాటా సగటున 10 శాతం ఉందంటే, ఆ కంపెనీలన్నీ కలిపి 60 కోట్ల డాలర్లకు అమ్ముడవ్వాలి. చరిత్రలో ఒక్క పెద్ద అమ్మకమూ చూడని ప్రాంతంలో ఈ అంకె వినడానికే బరువుగా ఉంటుంది.

ఇంకో వైపు నుంచి చూద్దాం. సగం డబ్బు తర్వాతి రౌండ్ల కోసం దాచుకుని, తొలి చెక్కు నాలుగు లక్షల డాలర్ల చొప్పున రాస్తే ఇరవై కంపెనీలు. పెట్టుబడి దశ నాలుగేళ్లు, కాబట్టి ఏడాదికి ఐదు. ఆ ప్రాంతంలో ఏటా పుట్టే పనికొచ్చే కంపెనీలే ఐదారు అయితే, ఫండ్ ఎంచుకోవడం లేదు, వచ్చినవన్నీ కొంటోంది. వెంచర్ పెట్టుబడిలో ఇరవైలో సగానికి పైగా డబ్బు పోగొట్టడం, కొన్ని పెట్టింది తిరిగివ్వడం, ఒకటో రెండో మొత్తం ఫండ్‌ను మోయడం మామూలు. ఆ ఒకటి తప్పిపోకుండా ఉండాలంటే ఎంచుకునే అవకాశం కావాలి. అందుకే "ఈ జిల్లాలోనే పెట్టాలి", "ఈ రాష్ట్రం దాటకూడదు" అనే షరతు ఫండ్ మెడకు ఉరితాడు అవుతుంది. ఊరి ప్రేమతో పెట్టిన షరతే ఊరికి ఫండ్ లేకుండా చేస్తుంది.

ఆధునిక వెంచర్ క్యాపిటల్ పుట్టిందే ఇలాంటి ప్రాంతీయ బెంగ నుంచి అన్న సంగతి తరచూ మరుగున పడుతుంది. 1946లో బోస్టన్‌లో అమెరికన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టినవాళ్లలో ఎంఐటీ అధ్యక్షుడు కార్ల్ కాంప్టన్, బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకును నడిపిన రాల్ఫ్ ఫ్లాండర్స్ ఉన్నారు. వాళ్ల గొడవ న్యూ ఇంగ్లండ్ గురించి: బట్టల మిల్లులు దక్షిణానికి తరలిపోతున్నాయి, వాటి స్థానంలో ఏం వస్తుంది? నడిపే బాధ్యత హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ జార్జ్ డోరియో తీసుకున్నాడు. 1957లో ఎంఐటీ ప్రయోగశాల నుంచి వచ్చిన ఇద్దరు ఇంజనీర్లకు 70 వేల డాలర్లు ఇచ్చి 70 శాతం వాటా తీసుకున్నారు. ఆ కంపెనీ కంప్యూటర్లు తయారుచేసిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్, అదే డీఈసీ. అది పని మొదలుపెట్టిన చోటు మేనార్డ్ అనే ఊళ్లో పాత ఉన్ని మిల్లు. 1972లో డోరియో సంస్థ టెక్‌స్ట్రాన్ అనే పెద్ద కంపెనీలో కలిసిపోయేనాటికి ఆ 70 వేలు 35 కోట్ల డాలర్లు దాటాయి.

ఈ కథను అందరూ విజయగాథగానే చెబుతారు. లోపల ఒక మెలిక ఉంది. డోరియో సంస్థ షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ కావడంతో, డీల్స్ తెచ్చిన ఉద్యోగులకు లాభంలో భాగస్థుల్లా వాటా ఇచ్చే వీలు లేకపోయింది. ఆయన కుడిభుజంగా ఉన్న బిల్ ఎల్ఫర్స్ 1965లో బయటికొచ్చి గ్రేలాక్ అనే వెంచర్ సంస్థను భాగస్వామ్య రూపంలో మొదలుపెట్టాడు. ప్రాంతం కోసం పెట్టిన సంస్థ చెదిరిపోయింది. లాభం కోసం, సరైన నిర్మాణంతో పెట్టిన సంస్థ నేటికీ ఉంది. గొప్ప ఆశయం చెడ్డ నిర్మాణాన్ని కాపాడలేదు. పైగా, నేటి కొలతతో చూస్తే ఆ 70 శాతం వాటా, పైన చెప్పుకున్న వ్యాపారి 40 శాతం కన్నా ఘోరం.

తీర్పు చెప్పేవాడే వాటాదారు అయితే

ఇప్పుడు అసలు చిక్కు. ఫండ్ పెట్టిన పెద్దమనిషికి ఒకేసారి ఇద్దరు యజమానులు. డబ్బు పెట్టినవాళ్ల పట్ల ఆయనకు చట్టపరమైన బాధ్యత ఉంది: వాళ్ల డబ్బుకు ఎక్కువ రాబడి తేవాలి. సంఘం పట్ల ఉన్నది మాట బాధ్యత: అందరికీ సమానంగా మేలు చేయాలి. ఈ రెండూ ఢీకొన్నప్పుడు మొదటిదే గెలవాలి, గెలవకపోతే వాళ్లు ఆయన్ని కోర్టుకు లాగొచ్చు.

ఢీకొనడం ఎలా ఉంటుందంటే, నిన్నటిదాకా ఫౌండర్ ఆయన దగ్గర కూర్చుని "మూడు నెలల జీతాలకే డబ్బుంది, భాగస్వామితో పడటం లేదు" అని గుండె విప్పి చెప్పుకునేవాడు. ఇప్పుడు ఆయన ఇన్వెస్టర్. ఆ మాటలు చెబితే చెక్కు పోతుంది, చెప్పకపోతే సలహా పోతుంది. చాలామంది చెప్పడం మానేస్తారు. ఊళ్లో ఏం జరుగుతోందో అందరికన్నా ముందు తెలిసిన మనిషికి ఏడాదిలోపే ఏమీ తెలియకుండా పోతుంది.

రెండోది ఇంకా లోతైన నష్టం. ఆయన లేదన్న కంపెనీ బయటి నగరానికి వెళ్లి పెట్టుబడి అడిగితే, అక్కడివాళ్లు అడిగే మొదటి ప్రశ్న: "మీ ప్రాంతంలో ఫండ్ ఉందిగా, వాళ్లు ఎందుకు పెట్టలేదు?" పది ఫండ్‌లున్న నగరంలో ఒకరి తిరస్కారానికి విలువ తక్కువ. ఒక్కటే ఫండ్ ఉన్న ప్రాంతంలో ఆ ఒక్క తిరస్కారం ముద్రలా పడుతుంది. మేలు చేద్దామని పెట్టిన ఫండ్, తను ఎంచుకోని కంపెనీలన్నిటికీ అది లేనప్పటికన్నా పరిస్థితిని కష్టం చేస్తుంది. పెట్టుబడి పెట్టిన కంపెనీకి రెండో రౌండ్‌లో చెయ్యి వెనక్కి తీసుకున్నా ఇదే గతి.

డబ్బు ఇచ్చిన స్థానికుల ఒత్తిడి సంగతి వేరే చెప్పాలా? బంధువు కంపెనీ, మిత్రుడి కొడుకు యాప్... వినయంగా లేదనడం ఒక కళ. అది వచ్చినవాళ్లు సంఘం నాయకులు అయ్యుండరు, ఎందుకంటే సంఘం నాయకుడిని పైకి తెచ్చినదే ఎవరినీ నొప్పించని స్వభావం.

దీన్ని దాటినవాళ్లు

ఫెల్డ్ బౌల్డర్‌లో చేసినదాన్ని జాగ్రత్తగా చూస్తే, ఆయన రెండు పడవలనూ వేర్వేరు రేవుల్లో కట్టాడు. 2007లో భాగస్వాములతో పెట్టిన ఫౌండ్రీ గ్రూప్ ఆఫీసు బౌల్డర్‌లో ఉన్నా, అది బౌల్డర్ ఫండ్ కాదు. అమెరికా అంతటా పెట్టుబడులు పెట్టింది. ఊరి కంపెనీలో పెట్టాల్సిన అవసరం ఫండ్‌కు లేదు, ఫండ్ పెట్టుబడి కోసమే ఆయన్ని కలవాల్సిన అవసరం ఊరికి లేదు. కాబట్టి రెండు సంబంధాలూ ఊపిరి పీల్చుకున్నాయి. ప్రాంతీయ ఫండ్ నమూనాగా చాలామంది బౌల్డర్‌ను చూపిస్తారు గానీ, ఆ నమూనా గుండెకాయ ఈ ఎడం పాటించడంలోనే ఉంది.

ఇజ్రాయెల్ ఇంకో దారి పట్టింది, ముందు ఒక దెబ్బ తిన్నాక. 1992లో ఇన్‌బల్ అనే ప్రభుత్వ పథకం వచ్చింది. షేర్ మార్కెట్‌లో నమోదైన వెంచర్ ఫండ్లకు పెట్టుబడిలో 70 శాతం దాకా నష్టం రాకుండా పూచీ ఇచ్చింది. నష్టభయం పోయినవాళ్లకు కష్టపడే కారణం కూడా పోయింది. ఆ ఫండ్లు పేరు లేకుండా పోయాయి. మరుసటి ఏడాదే, 1993లో, యిగాల్ ఎర్లిక్ ఆధ్వర్యంలో యోజ్మా మొదలైంది. పది కోట్ల డాలర్ల ప్రభుత్వ సొమ్ము, అందులో ఎక్కువ భాగం పది ఫండ్లకు. ఒక్కో దాంట్లో ప్రభుత్వానిది 80 లక్షల డాలర్ల వరకు, మిగతాది ప్రైవేటు వాళ్లు తేవాలి. షరతు: అనుభవమున్న విదేశీ వెంచర్ సంస్థ, స్థానిక ఆర్థిక సంస్థ రెండూ భాగస్వాములు కావాలి. తాయిలం: ఐదేళ్లలోపు ప్రభుత్వ వాటాను అసలు, వడ్డీ మాత్రమే ఇచ్చి కొనేసుకోవచ్చు. అంటే నష్టం వస్తే అందరం పంచుకుందాం, లాభం వస్తే మీరే ఉంచుకోండి అన్నమాట. పదింటిలో ఎనిమిది అలా కొనుక్కున్నాయి. రెండు పథకాల మధ్య ఏడాదే తేడా, దేశం అదే, ఇంజనీర్లు వాళ్లే. మారింది ఒక్కటే, రాయితీని నష్టం వైపు నుంచి లాభం వైపు మార్చారు.

విదేశీ భాగస్వామి షరతు వెనుక మన రెండు పడవల సమస్యకు సమాధానం కూడా ఉంది. లేదని చెప్పేవాడు బయటివాడైతే స్థానిక స్నేహాలు చెడవు. ఒకే ఫండ్ బదులు పది ఉండటంతో ఒకరి తిరస్కారం ఎవరికీ ముద్ర కాలేదు.

కెనడా అనుభవం దీనికి అద్దంలో బొమ్మలా తలకిందులుగా ఉంటుంది. అక్కడ కార్మిక సంఘాల పేరు మీద నడిచే వెంచర్ ఫండ్లలో సామాన్యులు డబ్బు పెడితే పన్ను రాయితీ ఇచ్చారు. రాయితీ కోసం డబ్బు వరదలా వచ్చింది. గడువులోపు ఎక్కడో ఒకచోట పెట్టాలి కాబట్టి ఆ ఫండ్లు మంచి డీల్స్‌కు కూడా ఎక్కువ ధర కట్టాయి, ప్రైవేటు ఫండ్లు పోటీపడలేక తప్పుకున్నాయి. మొత్తం వెంచర్ డబ్బు పెరగాల్సింది పోయి తగ్గి ఉండొచ్చని డగ్లస్ కమ్మింగ్, జెఫ్రీ మాకింటాష్ చేసిన పరిశీలన వాదించింది. ఒంటారియో ఆ రాయితీని దశలవారీగా ఎత్తేసింది.

డబ్బు ఒక్కటే ఏం చేయగలదు అన్నదానికి చిలీ నుంచి మరింత సూటి సాక్ష్యం ఉంది. 2010లో మొదలైన స్టార్టప్ చిలీ అనే ప్రభుత్వ కార్యక్రమం, వాటా ఏమీ తీసుకోకుండా 40 వేల డాలర్ల దాకా ఇచ్చి విదేశీ ఫౌండర్లను ఆరు నెలలకు రప్పించింది. చాలామంది గడువు కాగానే వెళ్లిపోయారు. ఆ కార్యక్రమం మీద హువానితా గొన్సాలెస్-ఉరిబె, మైకేల్ లెదర్‌బీ చేసిన అధ్యయనంలో తేలింది: డబ్బు, కూర్చునే చోటు మాత్రమే అందుకున్న కంపెనీల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, వాటితో పాటు మెంటర్ల శిక్షణ, క్రమం తప్పని జవాబుదారీ కూడా దొరికిన కంపెనీలు బాగా ముందుకు వెళ్లాయి. మొదటి మూడేళ్లలో పెద్దమనిషి జీతం లేకుండా చేసిన పని, ఫండ్ పెట్టి వదిలేద్దామనుకున్న పని, ఇదే.

ఒక్కడి డబ్బు, ఒక్కడి కల

కొన్నిచోట్ల నాయకుడు ఎవరి దగ్గరా డబ్బు అడగాల్సిన అవసరం లేనంత ధనవంతుడు. అప్పుడు రెండు పడవల సమస్య పోతుందా? లాస్ వెగాస్ డౌన్‌టౌన్‌లో ఆన్‌లైన్‌లో చెప్పులమ్మే జాపోస్ అధినేత టోనీ షే 2012లో 35 కోట్ల డాలర్ల సొంత డబ్బుతో పెట్టిన ప్రాజెక్టు ఈ ప్రశ్నకు పెద్ద ప్రయోగం. 20 కోట్లు స్థలాలకు, భవనాలకు. స్టార్టప్‌లకు, చిన్న వ్యాపారాలకు, విద్యకు ఐదేసి కోట్లు. ఊరు మారింది, పాడుబడ్డ వీధులు తేరుకున్నాయి. అయితే అందరి కళ్లూ ఒక్క మనిషి వైపే తిరిగాయి. 2014లో లక్ష్యాల్లోంచి 'కమ్యూనిటీ' అనే మాట తీసేసి మరో మాట పెట్టారు, ఎందుకంటే ఆ మాట విన్నవాళ్లు ప్రతి అవసరానికీ ప్రాజెక్టు వైపే చూడటం మొదలుపెట్టారు. ఆ ఏడాదే 30 మందిని ఉద్యోగాల్లోంచి తొలగించారు. దాత చెయ్యి చాపినంతకాలం ఇంకెవరూ జేబులో చెయ్యి పెట్టరు. ఇది షే తప్పనడం కన్నా, ఆ ఏర్పాటుకే ఉన్న గుణం అనడం సబబు.

డబ్బు మళ్లీ తిరిగి రావడం

ఫండ్ బాగా నడిచి, ఒక కంపెనీ పెద్ద మొత్తానికి అమ్ముడైందనుకుందాం. ప్రాంతం బాగుపడ్డట్టేనా? ఆ డబ్బు, ఆ మనుషులు తర్వాత ఎటు వెళ్లారన్నది చూడాలి.

డీఈసీ వేలమందికి ఉద్యోగాలిచ్చింది, కానీ బయటికెళ్లి సొంత కంపెనీ పెట్టుకోవడాన్ని ద్రోహంగా చూసే సంస్కృతిలో పెరిగింది. 1968లో కొందరు వెళ్లి డేటా జనరల్ పెట్టినప్పుడు ఆ చేదు ఏళ్ల తరబడి పోలేదు. దేశం మరో చివర, కాలిఫోర్నియా సిలికాన్ వ్యాలీలో, ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ కథ దీనికి ఎదురు. 1957లో ఎనిమిదిమంది యజమానిని వదిలి వచ్చి పెట్టిన ఆ కంపెనీ నుంచి జనం వెళ్లిపోతూనే ఉన్నారు. 1968లో వాళ్లలో ఇద్దరు, రాబర్ట్ నాయిస్, గార్డన్ మూర్ వెళ్లి ఇంటెల్ పెట్టారు. ఆ ఎనిమిదిమందిలో ఒకరైన యూజీన్ క్లైనర్ 1972లో క్లైనర్ పెర్కిన్స్‌కు భాగస్థుడయ్యాడు. అక్కడ అమ్మకాలు చూసిన డాన్ వాలెంటైన్ అదే ఏడాది సెకోయా పెట్టాడు. నేటి రెండు పెద్ద వెంచర్ సంస్థల వేర్లు ఒకే కంపెనీలో ఉన్నాయి. పరిశోధకురాలు యానాలీ సాక్సేనియన్ 1994లో బోస్టన్, సిలికాన్ వ్యాలీ ప్రాంతాలను పోల్చి, తేడా మనుషులు అటూ ఇటూ కదిలే తీరులో ఉందని వివరించింది. చట్టం కూడా సాయపడింది: ఉద్యోగం మానినవాడు పోటీ కంపెనీలో చేరకూడదనే షరతులు కాలిఫోర్నియాలో 1872 నుంచే చెల్లవు. మసాచుసెట్స్‌లో చెల్లేవి.

పదమూడు లక్షల జనాభా ఉన్న ఎస్టోనియాలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2003లో వచ్చిన స్కైప్‌ను రెండేళ్లకు ఈబే 260 కోట్ల డాలర్లకు కొంది. దాన్ని రాసిన టాలిన్ ఇంజనీర్లకు వాటా ఉంది. నలుగురు కలిసి పెట్టుబడి సంస్థ పెట్టుకున్నారు. తొలి ఉద్యోగి తావెత్ హిన్రికుస్ 2011లో దేశాల మధ్య డబ్బు పంపే ట్రాన్స్‌ఫర్‌వైజ్ స్థాపకుల్లో ఒకడయ్యాడు. అంటే ఒక ఎగ్జిట్ (కంపెనీ అమ్మకం) తర్వాతి ఏళ్లలో కొత్త పెట్టుబడిగా, కొత్త కంపెనీలుగా తిరిగొచ్చింది. ఇక్కడ పెద్దమనిషి చేయగలిగిన పని ముందే ఉంది: ప్రతి కంపెనీలో ఉద్యోగులకు నిజమైన వాటా దక్కేలా, వెళ్లిపోయేవాడిని తిట్టకుండా సాగనంపేలా అలవాటు చేయడం. ఎగ్జిట్ రోజున ఇద్దరే ధనవంతులైతే తర్వాతి మొదటి చెక్కులు రాసేవాళ్లూ ఇద్దరే.

పదేళ్ల గడువు, ఇరవై ఏళ్ల పని

బౌల్డర్ కథ ఇటీవల ఒక మలుపు తిరిగింది. 2024లో ఫౌండ్రీ గ్రూప్ ఇక కొత్త ఫండ్లు సమీకరించబోమని చెప్పింది. అదే ఏడాది టెక్‌స్టార్స్ తను పుట్టిన బౌల్డర్‌లో కార్యక్రమం మూసేసి, ప్రధాన కార్యాలయాన్ని న్యూయార్క్‌కు మార్చింది. ఫండ్‌కు గడువు కాగితం మీదే ఉంటుంది, అది ముగియడంలో వింత లేదు. యాక్సిలరేటర్ వ్యాపారం, అది లాభం ఉన్నచోటికి పోతుంది. ఆ రెండింటి నీడలో పెరిగిన సంఘం సొంత కాళ్ల మీద నిలబడిందా అన్నదే మిగిలిన లెక్క, దానికి ఇంకొన్నేళ్లు పడుతుంది.

ఫండ్ ఒప్పందాల్లో 'కీ పర్సన్' అనే నిబంధన ఒకటి ఉంటుంది. పేరు రాసిన ముఖ్యుడు తప్పుకుంటే కొత్త పెట్టుబడులు ఆగిపోతాయి, తర్వాత ఏం చేయాలో డబ్బు పెట్టినవాళ్లు తేలుస్తారు. డబ్బు విషయంలో ఇంత ముందుచూపు చూపే నాయకులే సంఘం విషయంలో ఒక్క వాక్యం కూడా రాసుకోరు. తను ఫండ్‌లోకి వెళ్లాక నెలవారీ సమావేశం ఎవరు నడపాలి, ఫౌండర్లు గుండె విప్పి చెప్పిన మాటలు పెట్టుబడి నిర్ణయంలోకి రాకుండా ఎవరు చూడాలి, పరిచయాల జాబితా ఎవరి దగ్గర ఉండాలి అన్నవి ఫండ్ మొదటి రోజే తేల్చుకోవాల్సినవి.

హెల్సింకీలో 2008లో మొదలైన స్లష్ సదస్సును కొన్నేళ్లకే విద్యార్థులు అందుకున్నారు. ఐరోపాలో ఇన్వెస్టర్లు పెద్ద ఎత్తున వచ్చే కార్యక్రమాల్లో అదొకటి, నడిపేది ఎక్కువగా విద్యార్థులు, వాలంటీర్లు. ముఖ్య కార్యనిర్వహణాధికారి ఒకటి రెండేళ్లకే మారిపోతారు. దిగిపోయినవాళ్లలో కొందరు కంపెనీలు పెడతారు, కొందరు ఫండ్లలో చేరతారు. సదస్సు మాత్రం మరుసటి నవంబర్‌కు మళ్లీ కొత్తవాళ్ల చేతుల్లో ఉంటుంది.